స్టార్టరు పెట్టెలో వేడి

పోయిన మార్చి ఇరవయ్యో తేదీ. ప్రొద్దుటూరులో మా ఇంట్లో మనవరాలు హారిక కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. సింహాద్రిపురంలో మా చీనీ, అంటే బత్తాయి, తోటలో నీళ్ల మోటరు కాలిపోకుండా కాపాడే చిప్పు తన ఇంజనీరింగు ప్రాజెక్టు. అది ఎలా పనిచేయాలో రాసిస్తే, లోపలి అమరికంతా సాఫ్టువేరే గీస్తుంది. చిప్పు తయారీకి సాయంత్రం ఐదులోగా ఫైలు పంపాలి. తప్పితే ఏడాది ఆగాలి.

ఒంటిగంటకు అన్నం పెడుతూ అడిగాను. "ఇది ఎంత వేడికి తట్టుకుంటాదే?"

"డెబ్బై డిగ్రీలవ్వా. ఎండ నలభై ఐదే గదా, శానా ఎక్కువే పెట్టినా."

నేను సైన్సు టీచరుగా చేసినదాన్ని. మోటరు రెండోసారి కాలినప్పుడు థర్మామీటరు పెట్టి రాసుకున్న లెక్క తీసి చూపించాను. అంతకుముందు ఏడాది మే 14, మధ్యాహ్నం రెండు, ఈ చిప్పు పెట్టాల్సిన స్టార్టరు పెట్టెలో, మూత మూసి ఉండగా, డెబ్బై నాలుగు.

హారిక కంచం పక్కకు జరిపింది. "ఇప్పుడా చెప్పేది? మళ్లీ గీయాలంటే మూడున్నర గంటలు పడతాది!"

"నువ్వు అడిగితే గదా. మొదలుపెట్టు."

డెబ్బై కొట్టేసి ఇంకా ఎక్కువ రాసిచ్చింది. ఒకటీ ఇరవైకి సాఫ్టువేరు మళ్లీ గీయడం మొదలుపెట్టింది. నాలుగున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ అప్పటికే సగానికి దిగి ఉంది. ఉన్నది కంప్యూటరుకు మిగలాలని ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాను.

"ఇంకేం ఆపుతావవ్వా, నా ఊపిరి గూడానా?" అంది చెమట తుడుచుకుంటూ.

ఐదుకు రెండు నిమిషాలుండగా ఫైలు వెళ్లింది. నిజానికి సాఫ్టువేరు మొదటిసారీ తప్పు చేయలేదు. డెబ్బై అంటే డెబ్బైకే గీసింది. మే ఎండలో ఆ పెట్టె మూత తెరిచి చూడాల్సింది మనమే.