హెర్మీలో ట్యూబా బ్యూక్ కారెక్కిన ఆదివారం

వెస్లకో ఊరి చుట్టుపక్కల ముప్పై ఏళ్లపాటు ఏ పెళ్లి జరిగినా, ట్యూబా అనే లోతు గొంతు పెద్ద ఇత్తడి బాకా ఊదింది హెర్మీలో అనే ఆయనే. ముందు పళ్లు ఊడాక ఊదడం మానేశాడు గానీ గొప్పలు మానలేదు. అయితే వాళ్ల పాత బ్యూక్ కారులో తమ బృందం పాటలు పెట్టినప్పుడల్లా క్లారినెట్లూ బాకాలూ ఖంగున పలికేవి, అతని ట్యూబా మాత్రం గోడ అవతల ఎవరో దగ్గినట్టు వినిపించేది. పాపం, ముఖం చిన్నబోయేది. బడి వంటశాలలో పనిచేసే అతని భార్య తీలా ఆ ముఖం చూడలేక, కారుకి లోతు స్వరాలు పలికించే పెద్ద స్పీకరు, సబ్‌వూఫర్, పెట్టిద్దామంది.

శనివారం పాత సామాన్ల సంతలో తీలా ఇంకా బేరం మొదలుపెట్టకముందే హెర్మీలో ఒక ఆంప్లిఫయరూ, పెట్టెల్లో బిగించిన రెండు సబ్‌వూఫర్లూ మోసుకొచ్చి డిక్కీలో పెట్టేశాడు. ఒకటి చాలదా అని ఆమె అడిగితే, ఒక్క ట్యూబాతో బృందం నడుస్తుందా అన్నాడు. నిజానికి వాళ్ల బృందంలో ఏనాడూ ఉన్నది ఒక్క ట్యూబాయే.

వైర్లు కూడా తనే కలిపాడు. పాట మొదలైంది. ట్యూబా మొదటి పెద్ద స్వరం అందుకుందో లేదో, దబ్‌మని ఒక్క చప్పుడు, ఆంప్లిఫయరు మీద ఎర్ర దీపం, ఆపైన నిశ్శబ్దం. మళ్లీ పెట్టాడు. మళ్లీ దబ్. మూడోసారికి తీలా నవ్వాపుకోలేక వాకిట్లో కుర్చీలో కూలబడింది. సంతవాడు మోసం చేశాడని హెర్మీలో తిట్టిపోశాడు.

అతని చెల్లెలు నెల్డాకి హైవే పక్కన కార్ల స్టీరియో కొట్టుంది. చిన్నప్పుడు తను ముక్కు తుడిచిన పిల్ల దగ్గరికి సలహాకి వెళ్లడమేమిటని అతని పట్టుదల. ఆదివారం ప్రార్థన కాగానే తీలాయే కారు అటు తిప్పింది.

నెల్డా డిక్కీలోకి తల దూర్చింది. "ఏ వైరు దేనికి కలిపావన్నా?"

"అన్నీ అన్నిటికీ కలిపా."

నెల్డా నవ్వకుండా విడమరిచి చెప్పింది. స్పీకరు కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క ఓమ్‌లు; అవి తగ్గేకొద్దీ ఆంప్లిఫయరు మీద బరువు పెరుగుతుంది. ఇది రెండు ఓమ్‌ల దాకానే మోయగలదు. ఒక్కో సబ్‌వూఫర్‌లో నాలుగేసి ఓమ్‌ల తీగచుట్టలు రెండు. ఆ రెంటినీ పక్కపక్కన కలిపితే రెండు ఓమ్‌లు, సరిగ్గా సరిపోతుంది. రెండో సబ్‌వూఫర్‌నీ అలాగే తగిలిస్తే ఒక్క ఓమే మిగులుతుంది, ఆంప్లిఫయరు చేతులెత్తేస్తుంది. వేరే రకం జత కావాలంటే వారం ఆగాలి, లేదా ఒకటి తీసెయ్యాలి.

"తీసేస్తే సగమైపోతుంది కదే."

"ఇప్పుడేమైనా వినిపిస్తోందా అన్నా? ఏమీ రానిదాంట్లో సగమెంతో నువ్వే చెప్పు."

వారం ఆగడం హెర్మీలో వల్ల కాదు. ఒక పెట్టె దింపేశారు. మిగిలినదానికి నెల్డా వైర్లు మార్చి బిగించి, ఆంప్లిఫయరు మరలు తిప్పి, పాట పెట్టమంది.

ట్యూబా స్వరం తీలాకి ముందు అరికాళ్లలో తెలిసింది. తర్వాత సీటులో, ఆపైన కడుపులో. చెవిపోగులు వాటంతటవే ఊగాయి. వెనక నంబరు పలక గలగలలాడింది. ఎవరో ఇంత పెద్ద ట్యూబా పట్టుకుని వెనకే కూర్చుని ఊదుతున్నట్టు, పెళ్లిపందిరంతా డిక్కీలో ఇరికినట్టు ఉంది. ఎర్ర దీపం వెలగలేదు. హెర్మీలో బుగ్గలు పూరించి, ట్యూబా మీటలన్నట్టు డాష్‌బోర్డు మీద మూడు వేళ్లూ నొక్కుతూ, గాలిలోనే ఊదేస్తున్నాడు.

తీలా కారుని ఊళ్లోకి పోనిచ్చింది. కార్లు కడిగేచోట ఇద్దరు ఆడవాళ్లు తడిగుడ్డలు పట్టుకునే గిర్రున తిరిగారు. టాకోలమ్మే తిండి బండి దగ్గర ముసలాయన టోపీ తీసి ఊపాడు. తీలాకి నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లకి దారి కనపడక కారు పక్కకి ఆపింది. అప్పుడే పాటలోని అన్నిటికన్నా లోతైన స్వరం వచ్చింది, కారు ముందు గాజుకి అంటించిన, వెనక వచ్చేవాళ్లని చూసుకునే అద్దం ఊడి ఆమె ఒళ్లో పడింది.

హెర్మీలో దాన్ని తీసుకుని తన బోసినోరు చూసుకున్నాడు.

"బాగా ఊదేవాణ్ణి కదే తీలా?"

"వెనక ఎవరూ రావట్లేదు కదా, చూసి చెప్పు. ఇంకో చుట్టు తిరుగుదాం."