యాట ఒళ్లు జాడించలేదు

నాకు గుండెపోటు వచ్చిందని తెలియగానే మా అక్క, పోచమ్మ తల్లికి యాటను, అంటే ఇంట్లో కట్టేసి ఉన్న మేకపోతును, మొక్కింది. "తల్లీ, వాని నరం తెరుచుకుంటె యాటను కోస్త" అని. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ పోయాక మా ఇంట్లోనే ఉంటుంది. దేవతతో మాటంటే మాటే ఆమెకు. మొక్కింది జరిగిందంటే పొద్దుగూకే దాకా కూడా ఆగదు.

శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు పక్కన నాది పంచర్ షాపు. ఆ వేసవి పొద్దున లారీ టైరు విప్పుతుంటే, ఛాతీ మీద ఎవరో జాకీ పెట్టి బిగించినట్టు నొప్పి. పక్క చాయ్ హోటల్ భాయ్ నన్ను కారులో వేసుకుని దవాఖానకు ఉరికించాడు. హారన్ సరిగ్గా కొట్టడం లేదని దారి పొడవునా అతన్ని తిడుతూనే ఉన్నానట. నాకు గుర్తు లేదు గానీ, నా సంగతి నాకు తెలుసు కాబట్టి నమ్ముతాను.

మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి, గుండె నరంలో స్టెంట్ వేశారు. నాకు మెలకువగానే ఉంది. పని అయినట్టు కనిపించగానే నర్సు బయటికి వెళ్లి "నరం తెరుచుకుందమ్మా" అని మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ ఇంటికి ఫోన్ కొట్టింది. అక్కడ అక్క యాట తాడు విప్పింది.

లోపల సంగతి వేరే. డాక్టరమ్మ తెర వైపు చూస్తూ మాటలు ఆపేసింది. నాకు అట్లాంటి మౌనం పడదు.

"ఏందమ్మా, తెరుచుకుంది గదా?" అని గద్దించాను.

"నరం తెరుచుకుందండీ. కానీ రక్తం ముందుకు వెళ్లడం లేదు. పెద్ద కాలువ తెరిచాం, చివరి మడులకు నీళ్లు అందడం లేదు. ఆ సన్నటి నరాల కోసం మందు పంపిస్తున్నాం. మీరు కదలకండి."

అప్పుడు వేసింది భయం. తిట్టడానికి కూడా నోరు రాలేదు.

అక్క ముందే కబురు పెట్టడంతో, సరిగ్గా ఆ సమయానికి పోచమ్మ గుడి ముందర మా గల్లీ అంతా జమైందట. డప్పు మోగుతోంది, కత్తి పట్టుకుని ఒకాయన సిద్ధంగా ఉన్నాడు, ఇంట్లో మసాలా నూరడం కూడా అయిపోయింది. మాలో యాటను ఊరికే కోయరు. పసుపు నీళ్లు చల్లితే అది ఒళ్లు జాడించాలి. జాడిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. మా యాట మామూలుగా ఈగ వాలినా జాడించే రకం. ఆ రోజు అక్క చెంబు మీద చెంబు గుమ్మరించినా గుంజలా నిలబడిందట.

అంతలో మా ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. "వదినా, ఆపు. నరం తెరుచుకుంది గని రక్తం పోతలేదంట."

అక్క ఆ తడి నేల మీదే కూలబడిపోయింది. "గందుకే ఇది జాడిస్తలేదు. తల్లి ఇంకా ఒప్పుకోలే" అని ఏడ్చిందట. నా ఎదుట మాత్రం ఆమె ఎన్నడూ ఏడ్వలేదు. యాట ఇంటికి తిరిగి వచ్చింది. నూరిన మసాలా పారేయలేక వంకాయల్లో వేశారు. దావత్ అనుకుని వచ్చిన చుట్టాలు వంకాయ కూర తిని, మొఖాలు మాడ్చుకుని పోయారు. ఈ ముక్క విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు.

మందు పని చేసింది, కానీ నెమ్మదిగా. గుండె కండ బాగా అలసిపోయిందనీ, కోలుకుంటుందో లేదో వానాకాలంలో పరీక్ష చేసి చూస్తామనీ డాక్టరమ్మ చెప్పి ఇంటికి పంపింది. రోజూ నడవమంది, మెల్లగా. మెల్లగా అన్నది నా వంటికి పడదని అక్కకు తెలుసు. యాట తాడు తెచ్చి నా చేతికి కట్టింది.

కంప దొరికిన ప్రతి చోటా అది ఆగేది. అది ఆగితే నేనూ ఆగాల్సిందే. నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే దాన్ని నిలబెట్టి తిట్టేవాణ్ని. అది నములుతూ వినేది. ఇంట్లో అంత ఓపిగ్గా నా మాట విన్నవాళ్లు లేరు. చాయ్ భాయ్ మమ్మల్ని చూసి, "అన్నా, బక్రీద్ దగ్గరికొచ్చింది. జర నా కంట పడకుండ తిప్పుకో" అనేవాడు.

కానీ అక్క మొక్కు అట్లాగే ఉంది. పరీక్ష బాగా వస్తే యాట తల పోతుంది, రాకపోతే నాది. ఇద్దరం ఒకే తాడుకు కట్టుకుని తిరుగుతున్నాం.

వానలు పడ్డాక పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఈసారి మౌనంగా ఉండలేదు. "బాగుందండీ. రక్తం చివరి దాకా అందుతోంది. గుండె చక్కగా కొట్టుకుంటోంది" అని నవ్వింది. మా ఆవిడ దండం పెట్టింది. నాకు సంతోషం వేసింది, వెంటనే యాట గుర్తొచ్చింది.

"ఏంది మొఖం గట్ల పెట్టినవ్?" అంది మా ఆవిడ.

మరునాడు పొద్దున్నే మళ్లీ గుడి ముందర గల్లీ అంతా జమైంది. కత్తి ఆయన వచ్చాడు. వంకాయ కూర తిన్న చుట్టాలూ వచ్చారు. నేనే తాడు పట్టుకుని నిలబడ్డాను. అక్క చెంబులో పసుపు కలుపుతోంది. ఇంకా చుక్క నీరు చల్లలేదు, పైనుంచి జల్లు మొదలైంది. యాట కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లంతా జాడించింది. నా చొక్కా తడిసింది.

"ఒప్పుకుంది, తల్లి ఒప్పుకుంది" అన్నారు చుట్టాలు. కత్తి ఆయన ముందుకొచ్చాడు.

అక్క యాటను చూసింది, నన్ను చూసింది. చెంబు కింద పెట్టింది. కొంగు తీసి యాట వీపు తుడవడం మొదలుపెట్టింది.

"గది వానకు జాడించింది. తల్లి ఒప్పుకున్నది గాదు."

"మరి ఇగ నీళ్లు చల్లక్కా" అన్నాడాయన.

"ఇప్పటికే తడిసింది. మళ్ల చల్లితె సర్ది చేస్తది."

అక్క గుడి వైపు తిరిగి, "తల్లీ, ఇది నీదే. మా ఇంట్ల మేస్తది" అని కొబ్బరికాయ కొట్టింది.

తర్వాత తాడు నా చేతికి సరిగ్గా చుట్టింది.

"ఏం జూస్తున్నవ్? పొద్దెక్కింది, మీరిద్దరు ఇంక నడకకే పోలేదు. వచ్చేటప్పుడు వంకాయలు పట్కరా."