బాలింత గదిలో కూలరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూలరుకు నీళ్ళు పోసే ఉద్యోగం నాది. కోడుమూరులో మాది బండల మిద్దె. ఎండాకాలం మధ్యాహ్నానికి పైకప్పు పెనంలా కాలేది. ఆ ఏడు మా అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చి పాపను కన్నది. చంటిదానికి హాయిగా ఉంటుందని నాన్న ఎవరో వాడిన ఇనుప కూలరు ఒకటి కొనుక్కొచ్చి అక్క గది కిటికీలో బిగించాడు.

రెండు రోజులకే గది ఆవిరి పట్టినట్టయింది. గోడలు చెమ్మగిల్లాయి. పాప ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. నిద్రలేక ఏడ్చి ఏడ్చి పాలు తాగడం కూడా తగ్గించింది. నీళ్ళు చాలడం లేదేమోనని నేను వీధి కొళాయి నుంచి ఇంకో రెండు బిందెలు మోసుకొచ్చి పోసేదాన్ని. పోసేకొద్దీ గది ఉడికిపోయేది. నా వల్లే ఏదో తప్పు జరుగుతోందని లోలోపల భయంగా ఉండేది. మోటారు పోయిందని నాన్న తేల్చేసి, కొత్తది వేయించడానికి తన సైకిలు అమ్మకానికి పెట్టాడు.

పక్కింటి సాయిబు మామ కూలర్లు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. నాన్న పిలిస్తే వచ్చి, రెక్క తిప్పి చూశాడు. గడ్డి తడిసిందో లేదో తడిమాడు. పంపు నీళ్ళెక్కిస్తోందో లేదో చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అప్పుడాయన చూపు ఎదురు కిటికీ మీద పడింది. మా అవ్వ దాని రెక్కలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, పైన దుప్పటి కట్టింది. తలుపుకూ అంతే. బాలింతకు గాలి తగలరాదని ఆమె పట్టు. ఏడుగురు బిడ్డల్ని కని ముగ్గురిని పోగొట్టుకున్న మనిషి. ఈ విషయంలో ఆమెకు ఎదురుచెప్పడమంటే కొరివితో తల గోక్కున్నట్టేనని నాన్నకు తెలుసు.

మామ కిటికీ ఊసే ఎత్తలేదు. అక్కను పాపతో పక్క గదిలోకి పంపి, అవ్వను కాస్త సాంబ్రాణి పొగ వేయమన్నాడు. రోజూ వేసేదే కాబట్టి అవ్వ సంతోషంగా వేసింది. మామ కూలరు ఆన్ చేసి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఈ పొగ యాడికి పోతాందో చూడవ్వా," అన్నాడు.

పొగ ఎక్కడికీ పోలేదు. గదంతా తిరిగి తిరిగి పాప ఊయల మీదే నిలబడింది. అవ్వ చాలాసేపు చూసింది. కళ్ళు మండుతున్నా చూసింది. తర్వాత లేచి, తన చేత్తోనే దుప్పటి విప్పి, కిటికీ రెక్క బెత్తెడు తీసింది. పొగ మెల్లగా బయటికి నడిచింది. దాని వెనకాలే చల్లగాలి వచ్చి నా మొహానికి తగిలింది.

"మూసినా పాప కోసమే, తీసినా పాప కోసమే అవ్వా. గాలి తగలకుండా మంచం పక్కకు జరుపుకుంటే సాలు," అన్నాడు మామ.

ఆ సాయంత్రం పాప కడుపునిండా తాగి నిద్రపోయింది. సైకిలు ఇంట్లోనే ఉంది. నాన్న కూలి ఇవ్వబోతే, "నేనేం జేస్తినప్పా? బాగుచేసింది అవ్వ," అని మామ టీ తాగి వెళ్ళిపోయాడు. అవ్వ ఆ మాటకు పొంగిపోయి వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

ఇప్పుడు కర్నూలులో మా అబ్బాయి ఇంట్లో ఏసీ ఉంది. పోయిన వేసవిలో మనవరాలు పుట్టాక ఆ గది చల్లబడడం మానేసింది. కరెంటు బిల్లు చూసి మా కోడలు మెకానిక్‌కు ఫోన్ చేసింది. అతను వచ్చి ఫిల్టరు కడిగాడు, బయటి పెట్టె చూశాడు. చివరికి పరదా తొలగించి, బెత్తెడు తెరిచి ఉన్న కిటికీని చూశాడు. రోజూ తెరుస్తున్నది నేనే. పసిబిడ్డకు గాలి ఆడాలని. అతను నా తెల్లజుట్టు చూసి, చూపు కోడలి వైపు తిప్పాడు.

ఒక్క క్షణం నామోషీ అనిపించింది. కూలరుకు తెరవాలని నేర్చుకున్నాను గానీ ఏసీకి మూయాలని ఎవరు చెప్పారని గొంతుదాకా వచ్చింది. అంతలో సాంబ్రాణి పొగలో కళ్ళు మండుతూ లేచి నిలబడిన మా అవ్వ గుర్తొచ్చింది. కోడలు నోరు తెరిచేలోపే లేచి, నా చేత్తోనే కిటికీ మూశాను.