అమ్మ చేతి తెలుపు

జొన్నరొట్టె కాలే వాసన వస్తే నాకు ఇప్పటికీ తల వంగిపోతుంది.

డోన్‌లో, నా ఎనిమిదో ఏట, అమ్మ చేతులకు తెల్లమచ్చలు లేచాయి. రొట్టెలు తట్టీ తట్టీ పిండి చర్మంలోకి ఇంకిందనుకున్నాను. అది బొల్లి అనీ, అంటుకుంటుందనీ బళ్లో చెప్పారు. ఆ రోజు చుట్టాల ముందే కంచం తోసేశాను.

"నీ చేతి రొట్టె నాకొద్దు. యాడ అంటుకుంటాదో!"

"అట్లనేలే పాపా" అంది అమ్మ.

మర్నాడు చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని రొట్టె తట్టి, అట్లకాడతో నా కంచంలో వేసింది. నేను కడుపునిండా తిన్నాను.

చర్మవైద్యం ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే ఆ సీటే వచ్చిందని అబద్ధం చెబుతాను. బొల్లి అంటుకోదని రోజూ పేషెంట్లకు చెప్పినట్టే అమ్మకూ చెప్పాను.

"తెలుసులే పాపా. నాకు అప్పుడే తెలుసు" అంది, అట్లకాడతో నాకు రొట్టె వేస్తూ.