కొవ్వులో పెంకుముక్క

మా తిజా అక్కకు ఏదైనా కళ్లారా చూడందే మనసు నిలవదు. చేప తెస్తే పొట్ట కోసి అదేం మింగిందో చూస్తుంది. ఎవరి గుమ్మంలోనైనా కొత్త చెప్పులు కనిపిస్తే అవెవరివో తేలేదాకా ఆమెకు అన్నం సయించదు. పక్కింటిదాన్ని, నాకు తెలుసు.

అలాంటి మనిషికి ఒక్క సంగతి మాత్రం పన్నెండేళ్లుగా తేలకుండా ఉండిపోయింది. మొగుడు బతికున్నాడా, పోయాడా? మా ఊరు కువాలా బెదాంగ్ మసీదుకు పెంకుల కప్పు వేయాలని ఊరి ఆడవాళ్లమంతా కూర్చుని చాపలు అల్లాం. ఆమె మొగుడు దరామన్ వాటిని తన పడవలో వేసుకుని, పెంకులు కాల్చే సింగోరా రేవులో ఇచ్చి పెంకులు తెస్తానని వెళ్లాడు. తిరిగి రాలేదు. "అక్కడ ఇంకోదాన్ని చేసుకుని మన చాపల మీదే పడుకుంటున్నాడు" అని ఊరు తేల్చేసింది. వాన పడ్డప్పుడల్లా మసీదు మీది ఆకుల కప్పు కారేది. తడిసిన మగవాళ్లంతా అక్క ఇంటివైపు చూసేవాళ్లు.

ఆ ఏడు తెల్లవాళ్ల యుద్ధనౌక ఒకటి మా అఖాతంలో లంగరు వేసింది. యుద్ధమేమీ చేయలేదు. చిన్న పడవలు దించి సముద్రాన్ని కొలవడం మొదలుపెట్టింది.

"కొలిచి ఏం చేసుకుంటారే? దానికి చొక్కా కుట్టిస్తారా?" అంది అక్క.

మర్నాడే కొబ్బరి బోండాలు అమ్మే వంకతో, నన్ను తెడ్డు వేయమని, ఆ పడవల వెనక పడింది. ఒకడు తాడు కట్టిన సీసపు గుండును నీళ్లలోకి వదిలి ఎన్ని బారల లోతో అరుస్తాడు, ఇంకొకడు రాసుకుంటాడు. గుండు అడుగున ఓ గుంట, అందులో మెత్తిన కొవ్వు. పైకి లాగితే సముద్రం అడుగున ఉన్నదేదో దానికి అంటుకుని వస్తుంది. ఇంకేం, అక్కకు పండగే.

"ఏదీ, ఏదీ, ఇటు తిప్పు!" అనేది. వాడు నవ్వుతూ తిప్పేవాడు. ఓసారి నల్ల బురద, ఓసారి ఇసక, ఓసారి గవ్వల పొడి. ఇంటికొచ్చి సముద్రం అడుగున తానే నడిచొచ్చినట్టు వీధంతా చెప్పేది.

అంత ఉబలాటంలోనూ ఆ కొవ్వును మాత్రం ముట్టేది కాదు. అది పంది కొవ్వని ఊళ్లో పుకారు. వాళ్లకు దుబాసీగా పడవలో వచ్చే మలక్కావాడు బకర్ ఎద్దు కొవ్వేనని ఒట్టేశాడు గానీ, ఓడకు మా ఊరి కోడిగుడ్లు చవగ్గా వస్తాయంటే వాడు ఏదైనా అనే రకం.

ఓ పొద్దున పడవలు దెయ్యాల మొన వైపు వెళ్లాయి. అక్కడ సముద్రపు దెయ్యం కాపురముంటుందని మావాళ్లెవరూ వల కూడా వేయరు. నేను తెడ్డు ఆపేశాను.

"వెనక్కి పోదాం అక్కా."

"దెయ్యముంటే దాన్నీ చూద్దాం. వేయవే తెడ్డు."

గుండు వదిలినవాడు ఉన్నట్టుండి పెద్దగా అరిచాడు. అంత లోతున్నచోట ఒక్కసారిగా నాలుగు బారలే వచ్చిందట, పక్కనే నీటికి మూరెడు కింద బండ కొన ఉందట. గుండు పైకొచ్చింది. కొవ్వులో బొటనవేలి కొసంత ఎర్రటి ముక్క. వాడు కత్తితో గీకి నీళ్లలో పారేయబోయాడు.

"ఆగరా!" అక్క పడవ ఒరిగిపోయేలా లేచి, కొవ్వులోకి వేళ్లు గుచ్చి దాన్ని లాక్కుంది.

"అక్కా! పందిదేమో!"

"పందో ఎద్దో తర్వాత తేలుద్దాం. ముందు ఇది చూడు."

పైన గవ్వలు పొక్కులు కట్టి ఉన్నాయి. గుండు తగిలి విరిగినచోట మాత్రం కొత్త ఎరుపు. సింగోరా పెంకును బద్దకు తగిలించడానికి వెనకవైపు ఓ ముక్కు ఉంటుంది, అదే ఇది. మా ఊరికి ఆ పెంకులు తెస్తానని బయల్దేరింది ఒక్కడే. అక్క దాన్ని గుప్పిట్లో బిగించుకుంది.

బకర్ ఊరడింపుగా, "దొర కాగితం మీద ఇక్కడో గుర్తు పెట్టాడమ్మా. ఇక ఏ ఓడా ఈ బండకు తగలదు" అన్నాడు.

"పన్నెండేళ్ల కిందట ఎక్కడున్నాడయ్యా మీ దొర?" అంది అక్క.

మసీదు దగ్గరికెళ్లి ఆ ముక్క చూపించబోతూ ఆమె చేయి చాపగానే ఇమాంగారూ ఊరిపెద్దా వెనక్కి జరిగారు.

"ఆ కొవ్వు చెయ్యి మా మీద పెట్టకమ్మా," అన్నాడు ఊరిపెద్ద. "ఏ కుండపెంకో అయ్యుంటుంది. అయినా ముట్టకుండా ఎలా చెబుతాం?"

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆమె మీద నోరు పారేసుకోవడానికి అడ్డురాని మైల ఇప్పుడొచ్చిందా?

అక్క వెనుదిరిగింది. బావి దగ్గర కూర్చుని, పంది అంటితే ఎలా కడగాలో అలాగే, చేతినీ ముక్కనూ ఒకసారి మట్టితో, ఆరుసార్లు నీళ్లతో, అందరూ చూస్తుండగా కడిగింది. తెచ్చి ఇమాంగారి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలెత్తి ఆకుల కప్పు వైపు చూశారు.

"రేపు అక్కడ మునిగి చూడండి," అన్నారు మగవాళ్లతో.

దెయ్యం జోలికి రాకుండా దుఆ ప్రార్థనలు చదువుకుంటూ మునిగారు. బండ మొదట్లో పెంకులు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, చుట్టూ పుచ్చిన పడవ చెక్కలు. ఏ గాలి అటు తోసిందో గానీ, దరామన్ ఇంటికే వస్తున్నాడు.

పెంకులు ఒడ్డుకు చేరుతుంటే అక్క ఇంట్లోకి వెళ్లి, చెవి దుద్దులు తీసేసి, తలుపు వేసుకుంది. మొగుడు పోతే మా ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు గడప దాటరు. ఇమాంగారు ఆమె గుమ్మం ముందుకొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, నీ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు అక్కర్లేదు" అన్నారు.

"ఆయన పోయింది పన్నెండేళ్ల కిందట, ఇమాంగారూ. నాకు పోయింది ఇవాళే."

ఇమాంగారు తల వంచుకుని వెళ్లిపోయారు.

గవ్వలు గీకి ఆ పెంకులే మసీదు మీద పరిచారు. చూడ్డానికి ఊరంతా వెళ్లింది, అక్క తప్ప. నేను ఆమె తలుపు దగ్గర కూర్చుని పిలిచాను.

"నువ్వు చూసొచ్చావుగా, చెప్పవే మెరియం," అంది లోపల్నుంచి. "ఎర్రగా ఉందా?"

"ఉంది అక్కా. నీ గుమ్మంలోంచి కూడా కనిపిస్తోంది."