రోడ్డు మీద దిష్టి ఆకు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా ఇల్లు తుని రోడ్డు పక్కనే. రోజుకి ఒక్క మోటారు బస్సు వచ్చీది. దాని బూరా వినపడితే చాలు, పిల్లలం పరిగెత్తీవోళ్ళం. నన్ను నాలుగో క్లాసుతో మానిపించేసేరు, ఇలా రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఏటీ అనుకోకండి.

మా ఎదురింట్లో ఒక తాత ఉండీవోడు. కాఫీ హోటలుకి కావిడితో నీళ్ళు మోసీవోడు. నుయ్యి రోడ్డుకి ఒక పక్క, హోటలు ఇంకో పక్క. తాతకి పుట్టుచెవుడు. బస్సు డ్రైవరు బూరా కొట్టేడంటే ఇంక తన పని అయిపోయినట్టే, జోరు తగ్గించీవోడు కాదు.

రోజూ బస్సొచ్చే వేళకి మా మామ్మ రోడ్డు మధ్యలో ఒక విస్తరాకు పెట్టీది. అందులో పసుపూ సున్నం కలిపిన ఎర్రన్నం, కోసిన నిమ్మకాయ, ఎండు మిరపకాయలు. దిష్టి తీసింది ఎవరు తొక్కుతారు? బస్సు కూడా అక్కడికొచ్చి నెమ్మదించి, పక్కనుంచి పాక్కుంటూ వెళ్ళీది. ఇంట్లో ఎవరికీ జొరం లేదు, మరి రోజూ ఈ దిష్టి ఎవరికి? అడిగితే "నీకెందుకే, పోయి ఆడుకో" అనీది మామ్మ.

ఒకరోజు ఉండబట్టలేక, ఆ నిమ్మకాయలో ఏటుందో చూద్దామని ఆకు ఎత్తుకుని పెరట్లోకి పోయేను. నిమ్మకాయ పిండి చూసేను. గింజలే. ఇంతలో బూరా వినపడింది. బస్సు నెమ్మదించిన చప్పుడు మాత్రం రాలేదు. ఫెళ్ళుమంది.

నేనొచ్చేసరికి కావిడి బద్ద విరిగి ఉంది. రోడ్డంతా కుండ పెంకులు. తాత పక్కన బురదలో పడున్నాడు. బస్సు ఎనక కుండకి తగిలిందంట. మోచెయ్యి గీరుకుంది, అంతే. ఒక్క అడుగు తేడా.

డ్రైవరు దిగి, "బూరా కొట్టేను కదండీ" అన్నాడు.

"ఆడికి ఇనపడదు బాబూ," అంది మామ్మ.

డ్రైవరు రోడ్డుకేసి చూసేడు. "రోజూ ఇక్కడ దిష్టి ఆకు ఉండీది. ఇయేళ లేదని బేగి వచ్చీసేను. ఎవరికండీ ఆ దిష్టి?"

"నీకే నాయనా. నీ సక్రాలకి ముసలోడి నెత్తురంటకుండా."

డ్రైవరు వొంగుని పెంకులన్నీ ఏరేడు.

ఆకు తీసింది నేనే అని నేను చెప్పలేదు. రాత్రి అన్నం పెడుతూ మామ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. తిట్టలేదు. ఆ చేతికే ముద్ద పెట్టింది.

మర్నాడు మామ్మ ఆకు పెట్టలేదు. గుమ్మంలో కూచుని చూస్తన్నాను. బస్సొచ్చింది. సరిగ్గా ఆ చోటికొచ్చి నెమ్మదించింది. లేని ఆకుని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళింది.

ఇప్పుడు మనవడి మోటారు సైకిలెనక కూచుని కోటవురట్ల వెళ్తుంటే, మధ్యలో ఊరొచ్చినప్పుడల్లా నా చెయ్యి వాడి భుజం మీద పడిపోతాది. "హారన్ కొట్టేను కదా మామ్మా" అంటాడు. "ఇనపడనోళ్ళు ఉంటార్రా" అంటాను. వాడు తగ్గిస్తాడు. ఊరు దాటేదాకా ఆ చెయ్యి నిమ్మకాయ వాసనేస్తన్నట్టే ఉంటాది.