ఏరు ఎండిందన్న కబురు

2022 ఆగస్టు. గల్ఫ్‌లో, మనామాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. కిడ్నీలు చేయాల్సిన పనిని మెషిన్‌తో చేయించడమే డయాలసిస్. చేతికి రెండు సూదులు పెట్టాక రక్తం బయటికెళ్లి, శుభ్రపడి, లోపలికొస్తుంది. అది పూర్తయ్యేదాకా ఆ చెయ్యి కదపకూడదు.

నా రోగుల్లో నేపాల్ నుంచి వచ్చిన బిష్ణు ఒకడు, ఊళ్లోనే జుఫైర్‌లో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్. మాటలన్నీ మాకు హిందీలోనే. ఆ రోజు అతను మెషిన్ మీద ఉండగా భార్య గీత వీడియో కాల్ చేసింది. "మా ఆవిడ, సిస్టర్" అంటూ ఫోను నావైపు తిప్పాడు.

గీత వాళ్ల కొండ ఊరి ఏట్లో నిలబడి ఉంది. నీళ్లు లేక రాళ్లు తేలాయి, గుంటల్లో చేపలు ఎగురుతున్నాయి. జనం గంపలతో దిగారు. మాది కోనసీమ. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తే ఊరంతా చేపల కోసం బురదలోనే ఉంటాం. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీకూ కాలువ కట్టేశారా? ఇవాళ ఇంటింటా పులుసే!"

"కాలువేంటి సిస్టర్?" అని ఫోను తనవైపు తిప్పుకున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"భాగ్! గీతా, భాగ్!"

పారిపొమ్మని అరుస్తూ సూదులతోనే లేవబోయాడు. భుజాలు పట్టి పడుకోబెట్టాను. చెయ్యి కదిలేసరికి మెషిన్ అలారం మొదలైంది. ఈలోగా ఫోను లైను తెగిపోయింది.

"ఏమైందయ్యా?"

"పైన హిమానీనదం కరిగిన సరస్సుంది. దానికి గట్టంటే మంచు తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ, అంతే. మా ఏరు అక్కడే పుట్టి ఇరుకు లోయలోంచి దిగుతుంది. వానాకాలంలో ఎండిందంటే పైన కొండ విరిగి అడ్డం పడినట్టే. నీళ్లన్నీ దాని వెనకే ఉన్నాయి. ఆ అడ్డు తెగితే ఒక్కసారిగా ఊరి మీద పడతాయి. గీత మైదానం పిల్ల, ఆమెకేం తెలుసు? తెలిసిన మగాళ్లం గల్ఫ్‌లో ఉన్నాం."

మా గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలంలో పెరిగిందని తెలిస్తే నది మధ్య మా లంకల్లో గొడ్లను కూడా గట్టెక్కించుకునే వ్యవధి ఉంటుంది. నీళ్లు తగ్గితే పారిపోవాలని నేను కలలో కూడా అనుకోలేదు.

డాక్టరుతో చెప్పి రిన్స్‌బ్యాక్, అంటే ట్యూబుల్లోని రక్తాన్ని ఒంట్లోకి పంపేయడం, మొదలుపెట్టాను. సూదులు తీయకముందే ఫోను మోగింది. స్పీకర్ వేశాను. బండలు దొర్లుతున్న హోరు, దాని మీద గీత ఏడుపు.

"మా పాపను చంకనేసుకుని కొండెక్కేసిందట" అన్నాడు.

"మిగతావాళ్లో?"

ఫోను ఒళ్లో బోర్లించాడు.

"అందరినీ రమ్మని పిలిచిందట సిస్టర్. మైదానం పిల్లకి భయమెక్కువని నవ్వారట."

రోగి భయపడితే "ఏం కాదులే" అనడం మా నర్సులకు అలవాటు. ఆ రోజుతో నేను ఆ మాట మానేశాను. ఎందుకు భయమో ముందు అడుగుతాను.